పాత ట్రాక్టర్ వెనక హౌసింగ్ నుంచి ఆయిల్ కారుతోందా? దమ్ము మొదలయ్యేలోపు చూసుకోండి

ఖరీఫ్ పనులు దగ్గరపడగానే రైతులు ట్రాక్టర్ టైర్లు చూసుకుంటారు, ఇంజిన్ ఆయిల్ మారుస్తారు, రోటవేటర్ బ్లేడ్లు బిగించుకుంటారు. బండి నిలిపిన చోట వెనక హౌసింగ్ కింద పడే నల్లటి మరకను మాత్రం పట్టించుకునేవారు తక్కువ. "పాత బండి కదండీ, ఆ మాత్రం కారదా" అంటారు. పదిహేను, ఇరవై ఏళ్ల బండికి అతుకుల దగ్గర కాస్త చెమర్చడం మామూలే. కానీ చుక్కలు పడుతున్నా, పది రోజులకోసారి ఆయిల్ పోయాల్సి వస్తున్నా అది మామూలు విషయం కాదు.

కొన్నేళ్ల క్రితం నేను పనిచేసిన మండలంలో ఒక రైతు వడ్ల బస్తాల ట్రాలీతో కాలువ గట్టు దిగుతుండగా ఎడమ బ్రేకు పట్టలేదు. కుడి బ్రేకు ఒక్కటే పట్టడంతో బండి కుడి పక్కకు లాగేసింది. అక్కడ తుమ్మచెట్టు అడ్డం ఉండబట్టి మనిషి బతికాడు. విప్పి చూస్తే ఎడమ బ్రేకు లైనింగులు ఆయిల్‌లో నాని ఉన్నాయి. ఆ ఆయిల్ డిఫరెన్షియల్ హౌసింగ్‌లోనిదే. అంతకు నెల ముందు ఆయన నన్ను అడిగాడు, "సార్, వెనక ఆయిల్ తగ్గుతోంది, ఏం చేయమంటారు" అని. నేను "ఎప్పటికప్పుడు పోసుకుంటూ ఉండండి" అన్నాను. నేను చదివింది వ్యవసాయ డిగ్రీ, మెకానిక్ పని కాదు. అయినా ఆ సలహా తప్పే. ఆ తర్వాతే ఈ సంగతులు మెకానిక్‌ల దగ్గర కూర్చుని నేర్చుకున్నాను.

గేర్‌బాక్స్ నుంచి వచ్చే పినియన్ క్రౌన్ వీల్‌ను తిప్పుతుంది. అక్కడి నుంచి బలం రెండు వెనక చక్రాలకూ పంచుకుపోతుంది. మలుపులో బయటి చక్రం ఎక్కువ తిరగడానికి వీలు కల్పించేదే డిఫరెన్షియల్. ఈ పళ్లన్నీ ఆయిల్‌లో మునిగి తిరుగుతాయి. మన దగ్గర చాలా ట్రాక్టర్లలో గేర్‌బాక్స్‌కు, డిఫరెన్షియల్‌కు, హైడ్రాలిక్ లిఫ్టుకు ఒకే ఆయిల్. అందుకే వెనక కారితే లిఫ్టు కూడా నిదానిస్తుంది, నాగలి ఎత్తేటప్పుడు వణుకుతుంది.

రైతులు ముఖ్యంగా గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. ఆయిల్ బయటికి వచ్చే దారిలోనే బురద నీరు లోపలికి పోతుంది. ఎండలో దున్ని వేడెక్కిన హౌసింగ్ దమ్ము మడిలో చల్లటి నీళ్లలోకి దిగగానే లోపలి గాలి కుంచించుకుంటుంది. అరిగిన సీలు సందులోంచి నీటిని పీల్చుకుంటుంది. రెండు మూడు రోజులకు ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగుకు వస్తుంది. ఆ ఆయిల్‌తో సీజనంతా తిప్పితే బేరింగులు, క్రౌన్ పినియన్ పళ్లు దెబ్బతింటాయి. సీలుకు అయ్యేది వందల్లో ఖర్చు, క్రౌన్ పినియన్ సెట్టు వేలల్లోకి పోతుంది. పైగా నాట్ల టైములో బండి షెడ్డులో పడుంటుంది.

ముందు కడగండి, ఆ తర్వాత వెతకండి

మట్టి, ఆయిల్ కలిసి గట్టిపడిన బండి మీద లీకు ఎక్కడుందో ఎవరూ చెప్పలేరు. హౌసింగ్‌ను డీజిల్, బ్రష్షుతో శుభ్రంగా కడిగి, గుడ్డతో తుడిచి ఆరనివ్వాలి. అతుకుల మీద ముఖానికి రాసుకునే పౌడర్ పల్చగా చల్లి, బండిని ఒక గంట పనిలో తిప్పి చూడండి. ఆయిల్ తగిలిన చోట పౌడర్ తడిసి తేలిగ్గా తెలుస్తుంది. ఆయిల్ కిందికి జారుతుంది కాబట్టి చుక్క పడే చోటు చూసి మోసపోకండి. తడి మొదలైన అన్నిటికంటే పై చోటే లీకు.

చక్రం లోపలి వైపు, టైరు మీద తడి ఉంటే యాక్సిల్ సీలు పోయినట్టు. మధ్య హౌసింగ్‌కు, పక్క ట్రంపెట్‌కు మధ్య అతుకు తడిగా ఉంటే బోల్టులు వదులై ఉండాలి, లేదా గ్యాస్కెట్ పోయి ఉండాలి. వెనక పీటీవో షాఫ్టు చుట్టూ అయితే దాని సీలు. డ్రెయిన్ ప్లగ్ దగ్గరైతే చాలాసార్లు వాషరు మారిస్తే సరిపోతుంది. క్లచ్ హౌసింగ్ అడుగున పిన్ను పెట్టిన చిన్న రంధ్రంలోంచి కారితే అది డిఫరెన్షియల్ లీకు కాదు. గేర్‌బాక్స్ ముందు సీలో, ఇంజిన్ వెనక సీలో పోయిందని అర్థం. కారుతోందని ఆ రంధ్రం మూసేస్తే ఆయిల్ క్లచ్ ప్లేటు మీదికి చేరుతుంది.

సీలు మార్చే ముందు బ్రీదర్ చూడండి

హౌసింగ్ వేడెక్కితే లోపలి గాలి వ్యాకోచిస్తుంది. అది బయటికి పోవడానికి పైన ఒక చిన్న బ్రీదర్ ఉంటుంది. కొన్ని బండ్లలో గేరు రాడ్ కవర్ దగ్గర, కొన్నింట్లో ఆయిల్ పోసే మూతలోనో డిప్‌స్టిక్‌లోనో ఉంటుంది. దుమ్ము, బురద పట్టి అది మూసుకుపోతే గాలి మంచి సీళ్లను కూడా తోసుకుని ఆయిల్‌తో సహా బయటికొస్తుంది. ఒకే సీజన్‌లో మూడుసార్లు యాక్సిల్ సీలు మార్పించిన రైతును నేను చూశాను. సీలు కంపెనీని తిట్టుకున్నాడు, మెకానిక్‌ను మార్చాడు. చివరికి బ్రీదర్ విప్పితే లోపల కందిరీగ మట్టిగూడు! డీజిల్‌లో కడిగి, గాలి కొట్టి బిగించాక లీకు ఆగింది. ఖర్చు లేని పని కాబట్టి ముందు ఇదే చేయాలి.

రెండోది, ఆయిల్ మట్టం. బండిని చదునుగా నిలిపి, పనిముట్టు నేలకు దించి, ఇంజిన్ ఆపి కొన్ని నిమిషాలు ఆగాక డిప్‌స్టిక్ చూడాలి. పై గీత దాటి పోసినా సీళ్ల దగ్గర కారుతుంది. ఎత్తి దించే ట్రాలీ వాడేవారు దాని సిలిండర్ పూర్తిగా దించాకే మట్టం చూడాలి, ఎందుకంటే అదీ ఈ ఆయిలే తీసుకుంటుంది. మరో సంగతి, పక్కవారి ట్రాలీ మన బండికి తగిలిస్తే దాని సిలిండర్‌లోని మురికి ఆయిల్ మన హౌసింగ్‌లోకి వస్తుంది. అద్దెకు తిరిగే ట్రాలీలతో ఈ బాధ ఎక్కువ.

సీలు మార్చేటప్పుడు

పాత సీలు మీద మూడు అంకెలు ఉంటాయి. లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం, మిల్లీమీటర్లలో. షాపులో బండి పేరుతో పాటు ఆ అంకెలు కూడా చూపించండి. సన్నని స్ప్రింగు ఉన్న అంచు ఆయిల్ వైపుకు ఉండాలి. ఆ అంచుకు కాస్త ఆయిల్ రాసి, సుత్తితో ఒక పక్కే కొట్టకుండా చుట్టూ సమానంగా దించాలి. సీలు తిరిగే చోట షాఫ్టు మీద గోరు పెట్టి చూడండి. గోరు దిగే గాడి ఉంటే కొత్త సీలు కూడా ఆగదు. గాడి తగలకుండా సీలును కొద్దిగా ముందుకో వెనక్కో కూర్చోబెట్టడమో, షాఫ్టుకు పల్చని స్లీవ్ వేయించడమో చేయాలి. చక్రం పైకి లేపి రెండు చేతులతో ఊపితే ఆట కనిపిస్తే బేరింగు సంగతి ముందు తేల్చండి. యాక్సిల్‌కు చుట్టుకున్న గడ్డి, నైలాన్ తాడు ముక్కలు కూడా సీలును కోసేస్తాయి. దమ్ము రోజుల్లో రోజూ సాయంత్రం వాటిని తీసేయాలి.

గ్యాస్కెట్ వేసేటప్పుడు సీలెంట్ ట్యూబు ఖాళీ చేయకండి. ఎక్కువైన పేస్టు లోపలికి ఊడిపడి హైడ్రాలిక్ జల్లెడకు అడ్డుపడుతుంది. పల్చటి పూత చాలు. బోల్టులు వరసగా కాకుండా ఎదురెదురుగా బిగించాలి.

వెనక చక్రం విప్పే పని ఒంటరిగా చేయవద్దు. టైర్లలో నీళ్లు నింపి ఉంటే ఆ బరువు ఇద్దరు మనుషులు కూడా ఆపలేరు. ముందు చక్రాలకు అడ్డం పెట్టి, హౌసింగ్ కింద గట్టి కొయ్య దిమ్మెలు పేర్చాలి. ఒక్క జాకీని నమ్మి కిందికి దూరవద్దు.

ఆయిల్ కాఫీ రంగులో ఉంటే కొత్తది కలపడం దండగ. బండి వేడి మీద ఉండగా మొత్తం దించి, జల్లెడ కడిగి, కొత్తది పోయాలి. డ్రెయిన్ ప్లగ్‌కు అయస్కాంతం ఉంటే చూడండి. మెత్తని నల్లటి ముద్ద మామూలే. పెళుసులు, పలుకులు తగిలితే, లేదా బండి నడుస్తుంటే వెనక నుంచి మోత వస్తుంటే అది ఇంటి దగ్గర తేలే పని కాదు, మంచి మెకానిక్ చేతిలో పెట్టండి. ఆయిల్ మాత్రం మాన్యువల్‌లో రాసినదే వాడాలి. ఆయిల్‌లో మునిగే బ్రేకులున్న బండిలో చవగ్గా దొరికిందని లారీ గేర్ ఆయిల్ పోస్తే బ్రేకులు అరుస్తాయి, పట్టు తప్పుతాయి.

పొడి బ్రేకుల పాత బండి అయితే ఆయిల్ తాగిన లైనింగులను పెట్రోల్‌లో కడిగి, కాల్చి మళ్లీ వేస్తుంటారు. అది నాలుగు రోజుల ముచ్చట. రెండు పక్కలా కొత్తవి వేయించండి. పాత లైనింగుల్లో కొన్నింటికి ఆస్బెస్టాస్ వాడేవారు. ఆ దుమ్మును నోటితో గానీ ఎయిర్‌తో గానీ ఊదకండి, తడిగుడ్డతో తుడవండి.

అన్నీ బిగించాక పది గంటల పని అయిన తర్వాత ఆయిల్ మట్టం, బోల్టులు ఒకసారి చూడాలి. దించిన పాత ఆయిల్‌ను పంట కాలువలో పోయకుండా డబ్బాలో పట్టి పాత ఆయిల్ కొనేవారికి ఇవ్వండి. దమ్ముకు దిగే ముందు కొన్ని బండ్లలో క్లచ్, బ్రేకు హౌసింగ్‌ల అడుగున ప్లగ్గులు బిగించాలని మాన్యువల్‌లో ఉంటుంది. బిగించినవారు నాట్లు అయిపోగానే వాటిని తీసేయాలి, లేకపోతే లోపల కారే ఆయిల్ మీకు కనిపించదు.