గ్యాస్ ముందు, చట్టం వెనక

2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని నగరం గ్రామంలో ప్రభుత్వ గ్యాస్ సంస్థ గెయిల్ పైపులైను పేలింది. కొబ్బరిచెట్లు నిలువునా మాడిపోయాయి. ఇరవైమందికి పైగా చనిపోయారు. తేమ తీయని గ్యాస్ పంపడంతో గొట్టంలో నీరు చేరి, లోపలి నుంచే తుప్పు తినేసిందని విచారణలో తేలింది. లీకుల సంగతి ముందే చెప్పామని ఊరివాళ్లు గోడు వెళ్లబోసుకున్నారు.

ఆ సీమకు మంట కొత్త కాదు. 1995 జనవరిలో పాశర్లపూడి దగ్గర ఓఎన్‌జీసీ బావిలో బ్లోఅవుట్ జరిగి మంటలు లేస్తే, ఆ మంట ఆర్పడానికి రెండు నెలలు దాటింది.

ఈ రెండు మంటల మధ్య కాలంలోనే దేశంలో గ్యాస్‌కు ఒక చట్టం, ఒక నియంత్రణ సంస్థ పుట్టాయి. అంతకుముందు గ్యాస్ అంటే చమురు వెంట వచ్చే సరుకు. 1974లో బొంబాయి హైలో చమురు పడ్డాక కూడా చాలా ఏళ్లు సముద్రం మీదే బోలెడంత గ్యాస్‌ను మండించి వదిలేశారు. 1984లో గెయిల్ ఏర్పడింది. గుజరాత్‌లోని హజీరా నుంచి ఉత్తరప్రదేశ్‌లోని జగదీశ్‌పూర్ దాకా పైపులైను వేసి ఎరువుల ఫ్యాక్టరీలకు, విద్యుత్ కేంద్రాలకు గ్యాస్ అందించింది. ఎవరికెంత, ఏ ధరకు అన్నది ఢిల్లీలో తేలేది. మోసేదీ అమ్మేదీ ఒకే సంస్థ. దాన్ని అడిగే వేరే సంస్థ లేదు.

2001లో గుజరాత్ సొంతంగా గ్యాస్ చట్టం చేసుకుంది. సహజవాయువు కేంద్రం పరిధిలోనిదంటూ 2004లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది.  ఆ తర్వాత 2006లో పార్లమెంటు చట్టం, 2007లో పెట్రోలియం, సహజవాయువు నియంత్రణ బోర్డు వచ్చాయి. పైపులైను ఎవరు వేయాలి, రవాణాకు ఎంత వసూలు చేయాలి, ఏ ఊళ్లో ఇంటింటికీ గ్యాస్ ఎవరివ్వాలి, భద్రతా ప్రమాణాలేమిటి అన్నవి బోర్డు చూస్తుంది. బావి దగ్గరి ధర మాత్రం ప్రభుత్వం చేతిలోనే ఉండిపోయింది.

ఆ ధర మీదే పెద్ద పోరు నడిచింది. కృష్ణా గోదావరి బేసిన్‌లోని డీ6 బ్లాకులో రిలయన్స్‌కు 2002లో గ్యాస్ దొరికింది. 2009లో ఉత్పత్తి మొదలైంది. పది లక్షల బ్రిటిష్ థర్మల్ యూనిట్లకు ప్రభుత్వం 4.20 డాలర్లు ఖాయం చేస్తే, కుటుంబ ఒప్పందం ప్రకారం తన కంపెనీకి 2.34కే ఇవ్వాలని రిలయన్స్‌ను పంచుకున్న అంబానీ సోదరుల్లో తమ్ముడు పట్టుబట్టారు. ఆ గ్యాస్ ప్రజల ఆస్తి, ప్రభుత్వం దానికి ధర్మకర్త అని 2010 మేలో సుప్రీంకోర్టు తేల్చింది. ఎంత గొప్ప తీర్పు! కానీ బావులు ఆశపెట్టినంత ఇవ్వలేదు. రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు వస్తుందనుకున్నది 6 కోట్ల దగ్గర ఆగి, పడిపోయింది. ఆ గ్యాస్‌ను నమ్ముకుని ఆంధ్రలో కట్టిన విద్యుత్ కేంద్రాలు ఖాళీగా నిలబడ్డాయి.

  ఇక పైపులైన్ల భద్రతా నిబంధనలను బోర్డు 2009లోనే ప్రకటించింది. అయిదేళ్ల తర్వాత కూడా నగరం ఊరి కింద తుప్పు పట్టిన గొట్టంలో గ్యాస్ పారుతూనే ఉంది. పైపులైను వెళ్లే దారిలో నాటిన గుర్తుల మీద ఫోన్ నంబరుంటుంది. ఊరివాళ్లు ఆ నంబరుకు ఫోన్ చేస్తే ఎవరు ఎత్తారో, ఎన్ని గంటల్లో వచ్చి చూశారో పంచాయతీ గోడకు రాసిపెట్టాలి.