బుర్రకథకు బాటయే బడి

కోతలు ముగిసి, కుప్పలు నూర్చి, ధాన్యము ఇల్లు చేరిన పిమ్మటగాని తెలుగు పల్లె కథ వినుటకు కూర్చుండెడిది కాదు. కథ చెప్పువారి సంవత్సరమును అక్కడనే ఆరంభమయ్యెడిది. సంక్రాంతి మొదలు శ్రీరామనవమి వరకు బుర్రకథ దళమునకు తీరిక లేదు. మహాశివరాత్రికి కోటప్పకొండ వంటి క్షేత్రములలో తిరునాళ్ళు, నవమికి వీధివీధిని చలువపందిళ్ళు, ఆపైని గ్రామదేవతల జాతరలు. తొలకరి పడగానే దళము ఇంటిదారి పట్టెడిది. మరల వినాయకచవితి పందిళ్ళు లేచువరకు గజ్జెలు సంచిలోనుండి వెలికి వచ్చెడివి కావు. ఆ నడిమి నెలలలో కథకుడు నాగలి పట్టినను, మగ్గము నేసినను, కూలికి పోయినను ఊరివారికి వింత కాదు. ఇది 1940 మొదలు ఇంచుమించు 1970 వరకు గల కాలపు మాట.

పేరును గూర్చి రెండు మాటలు. జంగము కథ, శారద కథ, తందాన కథ, తంబుర కథ అని దీనికి పలు వ్యవహారములు కలవు. తంబుర యొక్క సొరకాయ బుర్రనుబట్టి ఇది బుర్రకథ యైనదని కొందరును, గుమ్మెటల గుండ్రని రూపమునుబట్టి యైనదని కొందరును అందురు. ఈ వివాదమును పండితులకు వదలివేయవచ్చును. దళమువారికి మాత్రము ఆ బుర్ర పగులకుండ తరువాతి ఊరు చేరుటే ప్రధానము.

ఈ కళయొక్క స్వరూపమును పరిశీలించినచో ఒక విషయము స్పష్టమగును. దీనిని తీర్చిదిద్దినది రంగస్థలము కాదు, బాట. ఊరూర తిరిగి కథ చెప్పిన జంగమునకు వెనుక వంత పాడినది అతని యింటి ఇల్లాలే. నడచిపోవువాడు మోయగలిగినంతయే అతని సామగ్రి. ఒక తంబుర, రెండు గుమ్మెటలు, వ్రేళ్ళకు తగిలించు అందెలు, కాలి గజ్జెలు. తలపాగ, దానిపై తురాయి, నిలువుటంగీ, నడుమునకు దట్టీ. ఇంతటితో రాజ్యములు కూలును, కోటలు లేచును. 1885లో కడప జిల్లా సురభి గ్రామమున పుట్టిన నాటక సమాజముతో దీనిని పోల్చి చూడుడు. వారిదియు సంచార జీవితమే. కాని తెరలు, రంగుల దృశ్యములు, దీపములు, పిల్లాపాపలతో కూడిన పెద్ద సంసారము వారిది. ఒక పట్టణమున దిగినచో నెలల తరబడి పాక వేసికొని ఉండవలసినదే. బుర్రకథ దళము మూడు ప్రాణములు. సాయంకాలము బస్సు దిగి, రాత్రి కథ చెప్పి, తెల్లవారుజామున మరల బస్సెక్కగలదు. రాజ్యమంతయు ఒక గోనెసంచిలో ఇమిడిపోవును!

ఆ బస్సు ప్రయాణమే ఒక కథ. సంచులు పైని వేయవచ్చును గాని తంబురను వేయరాదు. సత్తెనపల్లినుండి మాచర్లకు పోవు గతుకుల బాటలో దానిని పసిబిడ్డవలె ఒడిలో పెట్టుకొని కూర్చుండవలసి యుండెడిది. మట్టి గుమ్మెటయైనచో మరింత జాగ్రత్త వలయును. ఇత్తడి గుమ్మెటలపై దళములకు మక్కువ కలుగుటకు నాదముకంటె ప్రయాణమే ఎక్కువ కారణమేమో. తేమ తగిలి చర్మము సడలినచో కథకు ముందు నిప్పుసెగ చూపి బిగువు తేవలెను. కొత్తగా చేరిన కుర్రవానికి అప్పగించు మొదటి పని అదియే. సెగ ఎక్కువైనచో చర్మము పగులును, తక్కువైనచో గుమ్మెట మూగపోవును. ఆ కొలత చెప్పి నేర్పుటకు వీలుపడదు. చేయి కాలి తెలియవలసినదే.

చిన్నపట్టణమున దళమునకు విడిది సత్రముగాని, దేవాలయ మండపముగాని, తరచు బడి వరండాగాని అయ్యెడిది. బడి వరండాయైనచో పంతులుగారు పలుకరింపక మానరు. ఊరి పేరెట్లు వచ్చినది, చెరువు త్రవ్వించినదెవరు, ఏ వీధివారు చందాలెక్కువ యిచ్చిరి, ఎవరెవరికి మాటలు లేవు — ఇవన్నియు ఆయన నోటనే దళమునకు తెలియవలెను. పొరబాటున ఒక పెద్దమనిషిని ముందును, అతని ప్రత్యర్థిని తరువాతను పొగడినచో కథ మొదలుకాకముందే యుద్ధము మొదలగును.

హాస్యపు వంతకు విశ్రాంతి లేదు. మిగిలిన ఇద్దరును పగలు నిద్రించుచుండగా ఆతడు కాఫీ హోటలులోను, మంగలి దుకాణములోను కూర్చుండి చెవులు తెరచియుంచును. 

“ఏం బాబాయ్, మీ ఊరికి బస్సు ఎన్నింటికొస్తుంది?” అని యడుగును. 

“దానికో వేళేమిట్రా నాయనా! వచ్చినప్పుడే దాని వేళ” అని ఒక వృద్ధుడు పలుకును. 

అంతే, ఆ రాత్రికి సరకు దొరకినది. బొబ్బిలి కథలో వార్త ఆలసించిన ఘట్టము రాగానే, వార్తాహరుడు మీ ఊరి బస్సులో వచ్చినాడు కాబోలునని ఆతడు కథకుని అడుగును. బొబ్బిలి యుద్ధము జరిగినది 1757లో. బస్సు ఎక్కడిదని ఎవరును ప్రశ్నింపరు. పందిరి గొల్లుమనును. ఊరు ఆ క్షణమున కథలోనికి వచ్చి కూర్చుండును. రాజకీయపు వంత అదే అదనుగా నేటి పరిపాలనపై ఒక చురక వేయును. మరుసటి ఊరిలో ఆ హాస్యము చెల్లదు, మరియొకటి వెదకికొనవలెను. వ్రాసియుంచికొన్న హాస్యముతో బుర్రకథ నడవకపోవుటకు ఇదియే కారణము.

రాత్రి భోజనములు ముగిసి జనము చేరుసరికి తొమ్మిదో, పదియో అగును. ప్రార్థన, ఊరి ప్రశంస, ఆపైని కథ. కథకుడు ముందునకు వెనుకకు అడుగులు వేయుచు పాడును. ఇరుప్రక్కల వంతలు తందాన కొట్టుచు, “ఔరా”, “భళా” అని యెత్తుకొనుచు, సందేహములు అడుగుచు కథను నడిపింతురు. ఆ సందేహములలో సగము శ్రోతలవే. వెనుక కూర్చున్న ముసలమ్మకు రాగల ప్రశ్నను ముందే పసిగట్టి అడుగుటలోనే వంత యొక్క ప్రజ్ఞ యున్నది. తల్లులు నిద్రించు పిల్లలను భుజమున వేసికొని లేవబోవుచున్నచో కథకుడు వర్ణనను కత్తిరించి కత్తి దూయించును. జనము కదలక కూర్చున్నచో బాలచంద్రుడు మాంచాలయొద్ద సెలవు తీసికొను ఘట్టమును గంటసేపు పెంచును. కథ మూడు రాత్రులకు కుదిరినదా, మొదటి రాత్రి ఎక్కడ ఆపవలెనో ఆతనికి కంఠస్థము. వీరుడు గుఱ్ఱమెక్కును, గుఱ్ఱము కదలదు, మిగిలినది రేపు.

పల్నాటిసీమలో పల్నాటి కథ చెప్పుట అన్నిటికంటె కఠిన పరీక్ష. కారెంపూడిలో నేటికిని ఏటేట కార్తికమాసమున వీరులను కొలుచుచున్నారు. వారికది కథ కాదు, ఇంటి చరిత్ర. ఒక వీరుని పేరు తప్పినచో పందిరి నడుమనుండి ఒక ముసలివాడు లేచి దిద్దును. శ్రీనాథకృతముగా ప్రసిద్ధమైన ద్విపద కావ్యమును కళాశాలలలో చదువుదురు. దానిలోని పాఠభేదములను చర్చింతురు. కాని సభలో లేచి నిలిచి పాఠమును దిద్దు శ్రోత ఏ కావ్యమునకు లభించినాడు? అట్టి ఊళ్ళలో మందలింపులు తిన్న కథకుడే గట్టివాడయ్యెడివాడు.

ఈ విద్య నేర్చు పద్ధతియు అట్టిదే. కుర్రవాడు వంతగా చేరి మూడు నాలుగేండ్లు తందాన కొట్టును. రాత్రి వెంబడి రాత్రి అదే కథ వినును. అదే అయినను ప్రతి రాత్రియు వేరుగా వినును. ఒకనాడు ఏదో చిన్నపల్లెలో, నడిరేయి దాటిన వేళ, కథకునికి గొంతు బొంగురుపోవును. “నువ్వందుకోరా” అని కనుసన్న చేయును. కుర్రవాడు వణకుచు ఒక చరణము ఎత్తుకొనును. నిలిచినాడా, మరునాడు రెండు చరణములు. తడబడినాడా, మరునాటికి ఆ ఊరు వెనుకబడిపోవును. ముందున్న ఊరివారు ఆతని తడబాటును ఎరుగరు. సొంత ఊరిలో ఒకసారి తప్పినవానికి నవ్వులపాటు జీవితాంతము తప్పదు. బాట తప్పులను మరచిపోవును, కంఠమునందు కుదిరినదానిని మాత్రము మిగుల్చును. ఇంతకంటె మంచి బడి ఏ ప్రభుత్వము పెట్టగలదు?

అయినను ఆ జీవితమును అందముగా మాత్రమే చిత్రించుట న్యాయము కాదు. వచ్చిన సొమ్ములో ముందు బస్సుఛార్జీలు తీసివేయవలెను. ఆపైని కథకునికి పెద్దవాటా, వంతలకు చిన్నవాటాలు. కథ నడుమ చదివింపులు వచ్చినచో ఇచ్చినవాని పేరు, తండ్రి పేరు తప్పక ఉగ్గడింపవలెను. అవి వాటాలలో చేరునా, చేరవా అన్న తగవుతో విడిపోయిన దళములును ఉండును. హాస్యపు వంతకు చప్పట్లు ఎక్కువైనచో కథకుని మొగము మాడును. ముగ్గురిలో ఎవనికి జ్వరము తగిలినను ఆ రాత్రి పస్తే. రాత్రి మేల్కొనుటకు అలవాటుపడిన మద్యము పెక్కు మంచి గొంతులను మ్రింగినది. ఇంటియొద్ద భార్య అప్పు చేసి సంసారము నడపుచుండును. భర్త పొరుగూరిలో రాజసభ వర్ణించుచుండును.

ఈ బాటనే 1940వ దశకమున రాజకీయోద్యమము పట్టినది. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి బుర్రకథను తన ముఖ్య సాధనముగా గైకొనెను. గుంటూరు జిల్లా పొన్నెకల్లున దూదేకుల కుటుంబమున 1920లో జన్మించిన షేక్ నాజర్ ఆ కాలముననే వెలుగులోనికి వచ్చెను. ఆయన పల్నాటి వీరులను పాడెను, అల్లూరి సీతారామరాజును పాడెను, 1943 నాటి బెంగాలు కరువును పాడెను. సుంకర సత్యనారాయణ ‘కష్టజీవి’ వంటి కొత్త కథలను సమకూర్చెను. మోటూరి ఉదయం ప్రభృతులు స్త్రీల దళముగా ఏర్పడి గజ్జె కట్టిరి. జంగము వెనుక నిలిచి వంత పాడిన ఇల్లాలు ముందునకు వచ్చి తంబుర పట్టుట సామాన్యమైన మార్పు కాదు. మదరాసు ప్రభుత్వమును, నిజాము ప్రభుత్వమును బుర్రకథపై నిషేధము విధించినవి. తెర యున్న నాటకమునకు తెర దింపవచ్చును; తెరయే లేనిదానిని ఆపుటెట్లు? పోలీసులు ఒక కూడలికి చేరునప్పటికి మూడు ప్రాణములును మరియొక కూడలిలో ఉండెడివి. నాజర్‌కు 1986లో పద్మశ్రీ లభించెను. తన కులనామమునే శీర్షికగా నిలిపిన ‘పింజారి’ ఆయన ఆత్మకథ. ఆయన 1997లో మరణించెను. పౌరాణికమైనను, రాజకీయమైనను, ఆయన కంఠమునకు సానపట్టినది ఊరూర మేల్కొన్న రాత్రులే.

స్వాతంత్ర్యానంతరము నిషేధించిన చేతులే ఆహ్వానించినవి. కేంద్రప్రభుత్వము 1954లో సంగీత నాటక విభాగమును నెలకొల్పినది. కుటుంబ నియంత్రణము, చిన్నమొత్తముల పొదుపు, టీకాలు — అన్నియు తందాన తాళమునకు ఎక్కినవి. దీనివలన పెక్కు కుటుంబములకు అన్నము దొరకినదన్నది నిజము. దానిని చిన్నచూపు చూడరాదు. కాని కథ ముందే వ్రాసి ఆమోదము పొందినది. ఊరేదైనను మాట మారరాదు. ఆకాశవాణి మంచి గొంతులను ఇంటింట వినిపించినది. ఐనను నాలుగు గోడల గదిలో హాస్యపు వంత ఎవరి మొగము చూచి నవ్వించును?

నేడును దళములు లేకపోలేదు. తిరునాళ్ళకు, ప్రభుత్వ కార్యక్రమములకు, పోటీలకు పోవుచునే యున్నవి. పోటీలలో సమయము నిమిషములలో కొలుతురు. కుర్రవాండ్రు చరవాణిలో పాతకథలు విని నేర్చుకొనుచున్నారు. కంఠమున శక్తి యున్నవారు వారిలో పెక్కురు కలరు. అయితే ఆ యంత్రము ఒక రాత్రి చెప్పిన కథనే వేయిసార్లు వినిపించును. ఒకే కథ వేయి రాత్రులు ఎట్లు మారినదో వినిపింపజాలదు. సభలో మందలించు ముసలివాడు దానిలో లేడు. చరణము తడబడినచో మరువగల తరువాతి ఊరు కూడ లేదు. తడబాటు సైతము ఆ యంత్రమునందే పదిలముగా నిలిచిపోవును.

మరియొక అడ్డంకి కలదు. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమములనుబట్టి బహిరంగస్థలములలో రాత్రి పది మొదలు ఉదయము ఆరు గంటలవరకు ధ్వనివర్ధకము మ్రోగరాదు. కొన్ని పండుగ దినములలో అర్ధరాత్రి వరకు సడలింపు ఇయ్యవచ్చును. రోగులకు, చదువుకొను పిల్లలకు ఆ నియమము అవసరమే. మునుపు ధ్వనివర్ధకము లేకుండనే వందలమందికి వినిపించిన గొంతులు ఉండెడివి. ఆ యంత్రము వచ్చి గొంతునకు విశ్రాంతి నిచ్చినది, క్రమముగా ఆ శక్తిని హరించినది. పదిగంటలు కొట్టగానే మైకు ఆగును. వీరుడు గుఱ్ఱమెక్కి యుండును. ముందు వరుసలోని వారు “తర్వాత ఏమైంది?” అని యడుగుదురు. “రేపు చెప్తాం బాబాయ్” అని వంత అలవాటు చొప్పున పలుకును. మరునాడు దళమునకు మరియొక ఊరిలో, మరియొక కార్యక్రమమున, పదునైదు నిమిషములు కేటాయింపబడియుండును.