కాలేజీకి వెళ్ళిన గాయకుడు

ఒక సంగీత బృందం తన మొదటి పూర్తి ఆల్బమ్‌కు పెట్టిన పేరే, తమ గాయకుడు వెళ్ళిపోతున్నాడన్న ప్రకటన అయితే? 1982లో అమెరికాలోని లాస్ ఏంజిల్స్ ప్రాంతపు డిసెండెంట్స్ బృందం అదే చేసింది. ఆల్బమ్ పేరు ‘మైలో గోస్ టు కాలేజ్’, అంటే మైలో కాలేజీకి వెళుతున్నాడు. గాయకుడు మైలో ఆకర్‌మన్ జీవశాస్త్రం చదవడానికి నిజంగానే బయలుదేరాడు. అట్టమీద కళ్ళజోడు, టైతో అతని వ్యంగ్యచిత్రం. లోపల 15 పాటలు, అన్నీ కలిపి సుమారు 22 నిమిషాలు!

పంక్ రాక్ 1970లలో న్యూయార్క్, లండన్ నగరాల్లో బలపడిన సంగీతం. వేగం, హోరు, కోపం దాని లక్షణాలు. ఇంత హోరులో రాగం ఎలా నిలుస్తుంది? గిటార్ ధ్వనిని ఆంప్లిఫయర్ సామర్థ్యానికి మించి పెంచితే తరంగ శిఖరాలు తెగిపోతాయి. అప్పుడు అసలు స్వరంలో లేని పౌనఃపున్యాలు వచ్చి చేరతాయి. ఎక్కువ స్వరాలు కలిపి మీటితే అంతా ముద్ద అవుతుంది. అందుకే ఈ వాద్యకారులు తరచు రెండు స్వరాలే మీటుతారు. అవి మన షడ్జమ పంచమాలే! వాటి నిష్పత్తి 2:3. వాటి భేదం 1, అంటే షడ్జమానికి ఒక స్థాయి కింది షడ్జమమే. కొత్తగా చేరిన ధ్వనులు కూడా ఇలా పాతవాటితో పొందికగా ఒదుగుతాయి. ఆ గట్టి పునాదిమీద మైలో గొంతు, టోనీ లాంబార్డో బేస్ గిటార్ పాట వరుసను నడిపిస్తాయి. దీన్నే మెలోడిక్ పంక్ అంటారు. (కొన్ని పాటల్లో మాటలు మోటుగా, ఇతరులను కించపరిచేలా ఉన్నాయి. వాటిని మెచ్చుకోనక్కరలేదు.)

మరి ఆ చదువు ఏమైంది? శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆయన డాక్టరేట్ పొంది, డ్యూపాంట్ సంస్థలో మొక్కల పరిశోధకుడయ్యారు. రాయ్‌పూర్ చుట్టుపక్కల వరి రైతును అడగండి, పూత సమయం ఎంత ముఖ్యమో చెబుతారు. వానలు వెనుదిరిగాక, నీరందని చేలో ఆలస్యంగా పూసిన పైరుకు తాలు గింజలే ఎక్కువ. ఆ పూత సమయంపైనే హజిమె సకాయ్‌తో కలిసి ఆయన 2003లో ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. ఆవాల కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో, పూతను వెనక్కి నెట్టే జన్యువులను ‘మైక్రో ఆర్‌ఎన్‌ఏ 172’ అదుపు చేస్తుందని, దాని పరిమాణం పెంచితే మొక్క ముందే పూస్తుందని అందులో చూపారు.

‘చదువా, పాటా?’ అన్న ప్రశ్న మీ ఇళ్ళలోనూ వినిపించే ఉంటుంది. మైలో 1985లో బృందంలోకి తిరిగివచ్చి, మళ్ళీ చదువుకు వెళ్ళారు. మిగతావారు ‘ఆల్’ అనే పేరుతో వాయిస్తూ వచ్చారు. 1996లో ఆయన మరో ఆల్బమ్‌కు పాడారు. 2016 నుంచి పూర్తికాలం గాయకుడయ్యారు.