తైలమర్దనము: తదనంతర పథ్యము

నేను 30 ఏండ్లకు పైగా పిల్లలకు తెలుగు, సంస్కృతము చెప్పి విశ్రాంతి గైకొన్న ఉపాధ్యాయుడను, వైద్యుడను గాను. అయినను ఈ సంగతి చెప్పుటకు నాకొక అధికారము కలదు. అది నా యెడమచేతి మణికట్టు.

కొన్నియేండ్ల క్రిందట ఆళ్లగడ్డ సమీపమున నొక పల్లెలో నడుమునొప్పికై తైలమర్దనము చేయించుకొంటిని. చేసినవాడు వృద్ధుడు, హస్తవాసి గలవాడు. పని ముగించి, "రోంతసేపు పండుకోండి అయ్యవారూ, తొందరపడి లేయొద్దు" అని చెప్పి, వేడినీళ్లు కాగినవో లేదో చూడబోయెను. నాకేమో నంద్యాల బస్సు తప్పిపోవునని ఆత్రము. చటుక్కున లేచితిని. కన్నులకు చీకట్లు క్రమ్మినవి. అరికాళ్లనిండ నూనె, క్రింద బేతంచెర్ల నాపబండ, అద్దమువలె నున్నది. పడుచు చేయి ఊనితిని, ఎముక విఱిగెను. నడుమునొప్పి 3 దినములలో తగ్గినది గాని, చేతికట్టు 6 వారము లుండెను. ఆ వృద్ధునియందు దోష మిసుమంతయు లేదు. శిష్యులకు జీవితమంతయు వినుడు, వినుడని చెప్పినవాడు ఒక్కమాట వినలేకపోయెను.

కావున మర్దనము యొక్క మహిమను నేడు వర్ణింపబోను. దాని తరువాతి గడియలను గూర్చియే ముచ్చటింతును.

గంటసేపు పరుండి మర్దనము చేయించుకొన్న దేహమున కండరములు సడలును, రక్తనాళములు విప్పారును. అట్టి స్థితిలో ఒక్కసారిగా నిలువబడినచో నెత్తురు కాళ్లవైపునకు దిగును. తలకు చాలినంత చేరుటకు కొన్ని క్షణములు పట్టును. పడుచువారికి ఆ క్షణములు తెలియకయే గడచిపోవును. మన యీడువారికి, అందును రక్తపుపోటుకు మాత్రలు తినువారికి, అవియే గండములు. కనుక మొదట ప్రక్కకు ఒత్తిగిలవలెను. పిమ్మట చేతి ఊతతో కూర్చుండి, కాళ్లు వ్రేలవేసి, మడమలను నాలుగైదుమార్లు పైకి క్రిందికి ఆడించి, తల తేటపడినదని తోచిన తరువాతనే ఒకరి భుజము పట్టుకొని లేవవలెను.

వాగ్భటుడు అష్టాంగహృదయమున దినచర్యను చెప్పుచు, తైలమును విశేషముగా తలకును, చెవులకును, పాదములకును పట్టింపుమనెను. ఆ మాట మేలైనదే. కాని ఆయన కాలపు ఇండ్లలో నున్నుపు చేసిన నాపబండలు పఱచియుండ లేదేమో! పాదములు నేలను తాకుటకు ముందు పొడిగుడ్డతో అరికాళ్లను, వ్రేళ్ల సందులను గట్టిగా తుడువవలెను. మంచము ప్రక్కను, స్నానపుగదికి పోవు దారిని గోనెపట్ట పఱచిన నింకను మేలు. ముసలితనమున తుంటియెముక విఱిగినవారి కష్టము మీ వీధులలో చూచియే యుందురు. దానిముందు నా మణికట్టు ఒక లెక్క గాదు.

స్నానము సంగతి. కొంతసేపు విశ్రమించిన పిమ్మట గోరువెచ్చని నీళ్లు పోసికొనవలెను. వేడినీరు కంఠము క్రింది దేహమునకు బలమనియు, అదే నీరు తలపై పోసినచో కేశములకును, నేత్రములకును చెఱుపనియు వాగ్భటుడే చెప్పెను. నూనె పోవుటకు సున్నిపిండి చాలును. చర్మము మంట పుట్టునట్లు శీకాయతో రుద్దనక్కఱలేదు. మధుమేహము చిరకాలముగా నున్నవారి పాదములకు స్పర్శ మందగించియుండును. నీరు కాలుచున్నను వారికి తెలియదు. బొబ్బలు లేచి పుండ్లు పడి, తుదకు వ్రేలు తీసివేయవలసివచ్చిన వారును కలరు. అట్టివారు నీటి వేడిమిని తమ కాలితో చూడక, ఇంటిలో మఱియొకరి చేతితో చూపించుకొనవలెను. ఇసుకమూట, వేడినీళ్ల సంచి కాపడములకును ఇదియే నియమము.

ఒంటినిండ నూనెతో మహానంది పోయి కోనేట మునుగుదమను ముచ్చట కొందఱికి గలదు. నంద్యాలకు సుమారు 15 కిలోమీటర్లే గదా అందురు. అడుగున పడిన నాణెము కనబడునంత నిర్మలమైన ఆ నీటిలో నూనె కలుపుట యెంత తప్పో చెప్పనక్కఱలేదు. ఆ నీరే వెలుపలికి పాఱి పొలములకు పోవును. పైగా జిడ్డుపాదములకు ఆ మెట్లు నాపబండలకంటె ప్రమాదము. ఇంట స్నానముచేసి, మఱునాడు పొండు.

భోజనము తేలికగా నుండవలెను: మెత్తని అన్నము, పెసరకట్టు, పలుచని మజ్జిగ. అజీర్ణమున్న దినమున అభ్యంగమే కూడదని పూర్వుల నిషేధము. మర్దనమువలన దేహమునందలి విషములు కరగి నెత్తుట కలియుననియు, చెంబులకొద్ది నీళ్లు త్రాగి వానిని వెడలగొట్టవలెననియు పట్టణపు మర్దనశాలలలో చెప్పుచుందురు. దానికి ప్రమాణము లేదు. మలినములను వెడలించుట కాలేయము, మూత్రపిండముల నిత్యకృత్యము. నీరు దాహము తీఱునంత త్రాగవలెను. మన ప్రాంతపు వేసవిలో మఱికొంత యెక్కువ. గుండెజబ్బుకో, మూత్రపిండముల జబ్బుకో వైద్యుడు నీటికి కొలత పెట్టినవారు ఆ కొలతను దాటరాదు.

ఆ దినమున బరువులెత్తరాదు. నొప్పి తగ్గినదని నాటి సాయంకాలమే ప్రత్తిమూటలు మోసి, మఱునాడు మంచమెక్కిన రైతులు నాకు తెలియును. అట్లని కదలక పరుండుటయు తగదు. వీధిచివఱకు పోయి వచ్చునంత నడక మంచిది.

మర్దనము కొంచెము గట్టిగా జరిగినచో ఒకటి రెండు దినములు కండలు సలుపుట సహజము. నొప్పిమీదనే మరల రుద్దించుకొనరాదు. నెత్తురు గడ్డకట్టకుండుటకు మాత్రలు తినువారికి చిన్న యొత్తిడికే నల్లని కములు తేలును. వారు ఆ మాట ముందే చెప్పి, గట్టి మర్దనమును మానుట యుత్తమము.

ఇక ఉపేక్షింపరానివి కొన్ని కలవు. ఒక పిక్క మాత్రమే వాచి, వెచ్చబడి నొప్పి పెట్టినచో లోపలి సిరలో నెత్తురుగడ్డ యుండవచ్చును. "పట్టుకొన్నది, రుద్దుడు" అని చుట్టములు తొందరపెట్టుదురు. వలదు, రుద్దినచో ఆ గడ్డ కదలి ఊపిరితిత్తులలో చిక్కుకొనవచ్చును. అప్పుడు ఆయాసము, రొమ్మునొప్పి కలిగి ప్రాణముమీదికి వచ్చును. మర్దనాంతమున మెడను చటుక్కున విఱిచి చప్పుడు చేయించుట యొక దురాచారము. దానివలన మెడలోని రక్తనాళము చీలి పక్షవాతము వచ్చుట కలదు. మెడ విఱిచిన పిమ్మట మునుపెఱుగని తలనొప్పి, మాట తడబాటు, మూతివంకర, కాలుసేతుల పట్టుసడలుట కనబడినను, నడుము మర్దించిన తరువాత కాళ్లు మొద్దుబాఱి మూత్రము బిగిసినను గడియసేపు తాళరాదు. ఆళ్లగడ్డనుండి నంద్యాల సుమారు 40 కిలోమీటర్లు. రాత్రియైనది, తెల్లవాఱనిత్తమని కూర్చుండక వెంటనే 108కి ఫోను చేయవలెను. మర్దనము ఏ గంటకు జరిగినదో చెప్పగల మనుష్యుని, తినుచున్న మాత్రల చీటీని వెంట గొనిపోవలెను.