శ్రీరామగిరి దారిలో ఒక ప్రశ్న

భద్రాద్రి రాముని సేవించుకొన్న యాత్రికులలో అధికసంఖ్యాకులు పర్ణశాలను కూడా దర్శించి తిరుగుముఖం పడతారు. గోదావరి ప్రవాహం వెంబడి దిగువకు మరి 55 కిలోమీటర్లు వెళితే శ్రీరామగిరి అనే క్షేత్రం ఉన్నదని, ఆ గుట్టపై స్వామి యోగరాముడై వెలసి ఉన్నాడని ఎరిగినవారు తక్కువ. శ్రీరామనవమి ఉత్సవముల అలసట తీరిన పిదప నేను ఆ గిరి ఎక్కి వచ్చాను. దర్శనాభిలాష మాత్రమే నన్ను అక్కడికి తీసుకొనిపోలేదని మొదటనే విన్నవిస్తున్నాను. ఒక ప్రశ్నకు సమాధానం చెప్పవలసి ఉండి, నెల రోజులుగా తప్పించుకొని తిరుగుతున్నాను.

వేద పాఠశాలలో నా సహాధ్యాయి ఒకరు వరరామచంద్రపురం మండలంలో నది ఒడ్డున ఉన్న చిన్న రామాలయంలో నలభై సంవత్సరాలుగా అర్చకత్వం చేస్తున్నారు. ఆ ఊరు పోలవరం ముంపు పరిధిలో ఉన్నది. 2014లో పూర్వపు ఖమ్మం జిల్లా నుండి ఆంధ్రప్రదేశ్‌కు బదలాయించబడిన మండలాలలో అదీ ఒకటి. గ్రామస్థులకు పునరావాస కాలనీలో ఇళ్లు చూపించారట. ఆయన ఫోను చేసి అడిగారు: “మనుషులు లేచిపోతున్నారు. మూలవిరాట్టును కదిలించవచ్చునా? శాస్త్రమేమంటున్నది? నీవు చెప్పినట్లు చేస్తాను.” చూసి చెబుతానన్నాను. రెండవసారి అడిగినప్పుడు ఉత్సవములు కానిమ్మన్నాను. మూడవసారి ఆయన అడగలేదు. అందుకే బయలుదేరాను.

స్తంభాద్రి నృసింహునికి నమస్కరించి తెల్లవారుజామున ఖమ్మం విడిచాము. కారు నడిపినవాడు మా తమ్ముని కుమారుడు. పన్నెండేళ్ల మనుమడు కూడా వస్తానని మారాం చేసి ఎక్కాడు. కొత్తగూడెం, పాల్వంచ దాటి, సారపాక వద్ద వంతెన మీదుగా భద్రాచలం చేరేసరికే ఎండ చురుక్కుమంటున్నది. చైత్రమాసంలో ఈ అరణ్యాన్ని చూసినవారికి ఇది దండకారణ్యమా, మరుభూమియా అన్న సందేహం కలుగుతుంది. టేకులు ఆకు రాల్చి మోడులై నిలిచి ఉంటాయి. నేలంతా ఎండుటాకు. ఇప్పచెట్ల క్రింద మాత్రం తెల్లవారుజామున రాలిన పూలు తేనెవాసన వేస్తుంటాయి.

జటాయువు రావణునితో పోరాడిన చోటుగా చెప్పే జటాయుపాకను భద్రాచలానికి చేరువలోనే చూస్తాము. ఆ పక్షిరాజు రెక్క పడిన ఊరు రేఖపల్లి అని ఐతిహ్యం. అది శ్రీరామగిరికి వెళ్లే త్రోవలోనే వస్తుంది. పంచవటి నాసికలోనిదని, పంపాతీరం హంపి వద్దనని వాదించే పండితులున్నారు. వారితో నాకు తగవు లేదు. కూనవరం వద్ద గోదావరిలో కలిసే నదికి శబరి అని పేరు పెట్టుకొన్న జనులకు ఆ వాదంతో పని లేదు.

సహాధ్యాయి గుట్ట దిగువన మాకోసం ఎదురుచూస్తున్నారు. కుశలప్రశ్నలైన వెంటనే నేను విషయం ఎత్తబోతే, “పైకి వెళ్లి మాట్లాడుకొందాం. అంతవరకు నోరు ఎండనీయకు” అన్నారు. ఇద్దరికీ మోకాళ్లు సహకరించని వయస్సే. అరణ్యకాండలో రాముడు ముందు, సీతమ్మ నడుమ, ధనుర్ధారియై లక్ష్మణుడు వెనుక నడిచినట్లు వాల్మీకి మహర్షి వర్ణిస్తాడు. మా వరుస వేరు. మనుమడు ముందు పరుగెత్తాడు, వృద్ధులమిద్దరం నడుమ నడిచాము, పడితే పట్టుకొనుటకు తమ్ముని కుమారుడు వెనుక. ఎండుటాకు మీద చెప్పులు లేని పాదం జారుతుంది. రాయి కాలుతుంది. వేసవిలో వచ్చే భక్తులు ఎనిమిది గంటలలోపే ఎక్కడం మొదలుపెట్టాలి. మేము తొమ్మిది దాటిన తరువాత మొదలుపెట్టి పొరపాటు చేశాము.

ఆ ఎక్కుడులో ఐతరేయ బ్రాహ్మణంలోని రోహితుని కథ జ్ఞప్తికి వచ్చింది. “నడువుము, నడుచుచునే ఉండుము” అన్న ఇంద్రుని ఉపదేశాన్ని యాత్రోత్సాహానికి ఉదాహరించడం నేడు పరిపాటి. నేనూ ఉపన్యాసములలో అనేక పర్యాయాలు అలాగే చెప్పాను. కాని రోహితుడు ఎందుకు నడిచాడు? తండ్రి హరిశ్చంద్రుడు వరుణునికి అతనినే బలి ఇస్తానని మాట ఇచ్చాడు. ఆ మాటకు దొరకకుండా అరణ్యంలో తిరిగాడు. తండ్రికి జలోదరమని విని ఊరికి బయలుదేరినప్పుడల్లా ఇంద్రుడు విప్రరూపంలో ఎదురై మరల అడవికి పంపాడు. అయిదు పర్యాయాలు అలా జరిగింది. ఆరవ సంవత్సరంలో నూరు గోవులిచ్చి తనకు బదులుగా శునశ్శేపుని కొన్నాడు. నడక కొన్నిసార్లు ఇవ్వవలసిన సమాధానం నుండి పారిపోవడం కూడా అవుతుంది. నా నెల రోజులు అటువంటివే.

సగం దూరంలో కళ్లు తిరిగి ఒక బండపై కూర్చుండిపోయాను. తెచ్చిన నీళ్లు మనుమడు ఎప్పుడో త్రాగేశాడు. పైనుండి తట్టతో దిగివస్తున్న ఒక కోయ అవ్వ నన్ను చూసి ఆగింది. “అయ్యగారూ, కూసోండి, లేవకండి” అని సొరకాయ బుర్ర చేతికిచ్చింది. దాచుకోవడమెందుకు, ఆ క్షణంలో నా చేయి ముందుకు రాలేదు. అరవై ఏళ్ల ఆచారం అడ్డుపడింది. భద్రగిరిపై స్వామి విగ్రహాలను కనుగొని, తాటాకుల పందిరి వేసి, తాటిపండు నివేదించినది పోకల దమ్మక్క అని వేదికలెక్కి చెప్పిన నోరే నాది. అవ్వ ఏమీ అనుకోలేదు. నీళ్లు నా మనుమని దోసిట పోసింది. వాడు త్రాగి, “చల్లగా ఉన్నాయి తాతయ్యా” అన్నాడు. అప్పుడు నేనూ దోసిలి పట్టాను.

అవ్వ మా ప్రక్కనే కూర్చుని 2022 వరదను గూర్చి చెప్పింది. ఆ జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. 1986 నాటి 75.6 అడుగుల తరువాత అంతటి వరద అదే. ఊళ్లకు ఊళ్లు గుట్టలెక్కి తలదాచుకొన్నాయి. “పిల్లల్ని, మేకల్ని పట్టుకొని పైకొచ్చినం. దేవుడు గుట్ట మీద ఉండబట్టి మాకు దారి తెలిసింది” అన్నది. మీ ఊరు ఖాళీ చేస్తే ఎక్కడికి వెళతారని అడిగితే, కాలనీకి అన్నది. అక్కడ గుట్ట ఉన్నదా అని మనుమడు అడిగాడు. లేదన్నట్లు తల ఊపి, తట్ట ఎత్తుకొని దిగిపోయింది.

దర్శనమైనది. భద్రాద్రిలో అంకమున సీతమ్మతో కల్యాణమూర్తిగా చూసే స్వామిని ఇక్కడ యోగరామునిగా చూడడం వేరొక అనుభూతి. వెలుపల నీడలో కూర్చున్నాము. దిగువన గోదావరి వేసవికి సన్నగిల్లి, ఇసుకతిన్నెల నడుమ మెరుస్తున్నది.

సమాధానం చెప్పాను. ఆగమములు దీనికి మార్గం చూపినవి. బింబంలోని కళను కుంభంలోనికి ఆకర్షించి, నూతన స్థలంలో బాలాలయం కల్పించి, ఆలయం సిద్ధమైన పిదప పునఃప్రతిష్ఠ చేయవచ్చు. శ్రీశైలం జలాశయం వచ్చినప్పుడు కృష్ణా తుంగభద్రల సంగమాన ఉన్న కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురంలో తిరిగి నిర్మించారు. పూజ లేక దీపం లేక బింబాన్ని నీటిలో విడిచిపెట్టడమే దోషం, తరలించడం దోషం కాదు. ఇందులో నాకు సందేహం లేదు.

ఆయన శ్రద్ధగా విన్నారు. “ఇది నాకూ తెలుసు. నీ నోట విందామని అడిగాను. నేను నలభై ఏళ్లుగా గోదావరిలో మునిగి, ఆ నీటి బిందెతో అభిషేకం చేశాను. కాలనీలో బోరు ఉన్నది. స్వామిని తీసుకొనిపోతాను. దానికేమి చెబుతావు?”

కలశపూజలో సప్తనదులను ఆవాహన చేస్తాము కదా, అందులో మూడవ పేరు గోదావరిదే కదా అన్నాను.

“ఆ మంత్రం నేను నీకంటే ముందు నేర్చుకొన్నాను” అని ఆయన నవ్వారు. పాఠశాలలో ఆయన నాకంటే ఒక పన్నం ముందుండేవారు, అది నిజం. తరువాత ఇద్దరం చాలాసేపు నదినే చూస్తూ కూర్చున్నాము.

దిగువకు వచ్చేసరికి నీడలు సాగాయి. ఆయన ఒడ్డుకు దిగి, రాగిచెంబు నింపి, మూతికి గుడ్డ కట్టి కారులో నా పాదముల చెంత పెట్టారు. కదలకుండా పట్టుకోమని మనుమనికి చెప్పారు. వాడు ఖమ్మం వరకు నిద్రపోకుండా దానిని పట్టుకొని కూర్చున్నాడు. మరునాటి ఉదయం మా ఆలయంలో కలశంలో ఆ నీరు పోసి మంత్రం ఆరంభించాను. మూడవ పేరు వద్ద స్వరం నిలవలేదు. ప్రక్కన ఉన్న శిష్యుడు అందుకొని పూర్తిచేశాడు.