రెండు పందేల నడుమ

నవంబరు నెల మొదటి ఆదివారం. స్టేటన్ ద్వీపపు అంచున వెరజానో వంతెన దగ్గర మొదలై, న్యూయార్క్ నగరపు అయిదు విభాగాలనూ తాకుతూ సెంట్రల్ పార్కులో ముగిసే మారథాన్ పందెంలో, 42.195 కిలోమీటర్ల దూరాన్ని నాలుగున్నర గంటల్లో పూర్తిచేసిన ఒక ప్రవాసాంధ్రుణ్ణి ఊహించుకుందాం. వయసు నలభై అయిదు. పగలంతా కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగం. ఆ సాయంత్రం మెడలో పతకం, పాదాల్లో బొబ్బలు, ముఖంలో వెలుగు. మర్నాడు ఆఫీసులో అభినందనలు. వారం తిరిగేసరికి పతకం గోడ మేకుకు చేరుతుంది. రెండోవారంలో ఇల్లు సర్దుతున్న ఇల్లాలు, “ఏమండీ, ఈ బూట్లు మెట్ల కింద అలమారాలో పెట్టేయనా, మళ్లీ పరుగుందా?” అని అడుగుతుంది. “ఉండకేం, చలి తగ్గనీ” అంటాడాయన.

డిసెంబరులో ఆ ప్రాంతాన సాయంత్రం నాలుగున్నరకే సూర్యాస్తమయం. ఆపైన మంచు. చలి తగ్గేసరికి ఏప్రిల్ వస్తుంది. అలమారా నుంచి బూట్లు బయటికి తీసి వీధి చివరిదాకా పరిగెత్తేసరికి ఆయాసం ముంచుకొస్తుంది. ‘ఆరు నెలల క్రితం మారథాన్ పూర్తిచేసిన మనిషిని నేనేనా?’ అన్న సందేహం కలుగుతుంది. పతకం మేకుకే ఉంది. దాన్ని సంపాదించిన దేహం మాత్రం ఎక్కడికో వెళ్లిపోయింది.

అది ఎక్కడికి వెళ్లింది? ఎంత వేగంగా వెళ్లింది? వెళ్లకుండా నిలుపుకొనే మార్గమేది? ఈ ప్రశ్నలకు జీవరసాయన శాస్త్రం చాలావరకు స్పష్టమైన సమాధానాలే ఇస్తోంది.

సరదాకు పరుగు

సామాన్య గృహస్థులు వేల సంఖ్యలో మారథాన్ పరిగెత్తడం ఇటీవలి చరిత్రే. బోస్టన్ మారథాన్ 1897 నుంచి జరుగుతున్నా, చాలాకాలం అది కొద్దిమంది దృఢకాయుల వ్యవహారంగానే ఉండిపోయింది. న్యూయార్క్ మారథాన్ 1970లో సెంట్రల్ పార్కు లోపలే మొదలైనప్పుడు బయలుదేరినవారు 127 మంది, చివరిదాకా చేరినవారు 55 మంది. నేడు అదే పందేన్ని యాభై వేలమందికి పైగా పూర్తిచేస్తున్నారు.

ఈ మార్పు వెనుక ఉన్నవారిలో న్యూజీలాండ్ శిక్షకుడు ఆర్థర్ లిడియార్డ్ ముఖ్యుడు. ఆయన శిష్యులు పీటర్ స్నెల్, ముర్రే హాల్బర్గ్ 1960 రోమ్ ఒలింపిక్స్‌లో స్వర్ణపతకాలు గెలిచారు. లిడియార్డ్ పద్ధతిలో పందేలు లేని కాలానిదే పెద్దపీట. ఆ నెలల్లో నిదానంగా, దీర్ఘంగా పరిగెత్తి పునాది వేసుకోవాలి. పందెపు వేగం ఆ పునాది మీద లేచే పై అంతస్తు మాత్రమే. ఆయన అనుభవంతో గ్రహించిన విషయాన్నే తరువాతి దశాబ్దాలలో ప్రయోగశాలలు కొలతలతో నిరూపించాయి.

భీమవరం బిడ్డ కనుగొన్న నిధి

కండరానికి శక్తి ఎక్కడినుంచి వస్తుందన్న ప్రశ్నకు సమాధానంలో ఒక తెలుగువాని పాత్ర ఉన్నదని చాలామందికి తెలియదు. కండర పరిశోధనకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతిని ఆర్చిబాల్డ్ హిల్, ఒట్టో మైయర్‌హోఫ్ పంచుకున్నారు. కండర సంకోచానికి మూలం లాక్టిక్ ఆమ్లం ఏర్పడటమేనని ఆనాటి విశ్వాసం. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, బోస్టన్‌లోని హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేస్తూ, 1927లో కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను వెల్లడించారు. కండరం పనిచేసినప్పుడు ఆ పదార్థం విచ్ఛిన్నమవుతుంది, విశ్రాంతిలో తిరిగి ఏర్పడుతుంది. 1929లో ఏటీపీ అనే అణువును కూడా వారు వేరుచేశారు. అదే సమయంలో జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా స్వతంత్రంగా దానిని కనుగొన్నాడు. లాక్టిక్ ఆమ్ల సిద్ధాంతపు పునాదులు అక్కడినుంచే కదిలాయి.

కండరంలో సిద్ధంగా ఉండే ఏటీపీ రెండు మూడు క్షణాల పరుగుకే సరిపోతుంది. ఫాస్ఫోక్రియాటిన్ మరో పది క్షణాలు ఆదుకుంటుంది. ఆ తరువాత గ్లైకోజెన్, కొవ్వు రంగంలోకి దిగాలి. గ్లైకోజెన్ కండరాలలో సుమారు 400 గ్రాములు, కాలేయంలో సుమారు 100 గ్రాములు ఉంటుంది. అంటే దాదాపు 2,000 కిలోకేలరీలు. పరుగుకయ్యే ఖర్చు, కిలో బరువుకు కిలోమీటరుకు ఉజ్జాయింపుగా ఒక కిలోకేలరీ. డెబ్బై కిలోల మనిషికి మారథాన్ మొత్తానికి సుమారు 2,950 కిలోకేలరీలు కావాలి. గ్లైకోజెన్ ఒక్కటే ఖర్చయితే 29 కిలోమీటర్ల దగ్గర ఖజానా ఖాళీ. ముప్పయ్యో కిలోమీటరు దాటాక కాళ్లు మొరాయించడంలోని రహస్యం ఇదే. మిగతా లోటును కొవ్వు పూడ్చాలి. కొవ్వు దహనం కావాలంటే ప్రాణవాయువు కావాలి, ఆ దహనం జరిగే కొలిమి కావాలి. కణంలోని ఆ కొలిమి పేరే మైటోకాండ్రియా.

1967లో అమెరికాలో జాన్ హోలోజీ ఎలుకలను వారాల తరబడి ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించి, వాటి కండరాలలో మైటోకాండ్రియా ఎంజైముల సామర్థ్యం దాదాపు రెట్టింపయినట్లు చూపాడు. శిక్షణ అంటే సంకల్పబలం మాత్రమే కాదని, కణంలో కొత్త యంత్రసామగ్రి ప్రతిష్ఠ అని అప్పుడు తేలింది. అయితే ఆ యంత్రసామగ్రి కూడా ప్రొటీన్లతో కట్టినదే. ప్రొటీన్లు నిరంతరం విచ్ఛిన్నమవుతూ, నిరంతరం నిర్మితమవుతూ ఉంటాయి. నిర్మించమన్న ఆజ్ఞ పరుగు నుంచి వస్తుంది. ఆజ్ఞ ఆగితే నిర్మాణం తగ్గుతుంది, విచ్ఛిన్నం మాత్రం ఆగదు.

విరామపు లెక్క

ఆ క్షీణత ఎంత వేగంగా సాగుతుందో 1984లో ఎడ్వర్డ్ కాయిల్ బృందం కొలిచింది. ఏళ్ల తరబడి సాధన చేసిన ఏడుగురు తమ శిక్షణను పూర్తిగా ఆపేశారు. దేహం వినియోగించగల గరిష్ఠ ప్రాణవాయు పరిమాణం మొదటి మూడు వారాలలోపే 7 శాతం, ఎనిమిది వారాలకు 16 శాతం తగ్గింది. తొలినాళ్ల తగ్గుదలకు కారణం కండరం కాదు, రక్తం. వ్యాయామం మానిన కొద్ది రోజులకే రక్తంలోని ద్రవభాగం తగ్గుతుంది. గుండె ఒక్కో స్పందనకు పంపే రక్తమూ తగ్గుతుంది. తరువాతి వంతు ఎంజైములది. వాటి క్షీణతకు అర్ధాయువు సుమారు 12 రోజులు. రేడియోధార్మిక పదార్థాల లెక్కలు చదువుకున్నవారికి ఇది పరిచితమైన వక్రరేఖే: పోవలసినదానిలో సగం 12 రోజుల్లో పోతుంది, మిగిలినదానిలో సగం మరో 12 రోజుల్లో.

ఇందులో ఊరట కలిగించే అంశమూ ఉంది. ఆ వక్రరేఖ శూన్యానికి చేరలేదు. ఎనిమిది వారాల తరువాత కూడా వారి ఎంజైములు ఏనాడూ వ్యాయామం ఎరుగనివారికంటె సుమారు 50 శాతం ఎక్కువగానే నిలిచాయి. కండరంలో పెరిగిన సూక్ష్మ రక్తనాళాలు చెక్కుచెదరలేదు. అంటే ఏళ్ల సాధన ఒక పునాదిని మిగులుస్తుంది. కొద్ది నెలలు మాత్రమే పరిగెత్తి మానినవారికి ఆ పునాది అంత ఎత్తున ఉండదు.

మరి నిలుపుకొనేందుకు ఎంత శ్రమ కావాలి? 1980 దశకపు ఆరంభంలో షికాగోలో రాబర్ట్ హిక్సన్ ఈ ప్రశ్ననే తీసుకున్నాడు. వారానికి ఆరు రోజులు, రోజుకు 40 నిమిషాల చొప్పున పది వారాలు తీవ్ర శిక్షణ పొందినవారిని మూడు విధాలుగా పరీక్షించాడు. రోజులను నాలుగుకో, రెండుకో తగ్గించి, తీవ్రతను మాత్రం తగ్గించనప్పుడు గరిష్ఠ ప్రాణవాయు వినియోగం పదిహేను వారాలపాటు నిలిచింది. నిమిషాలను 40 నుంచి 13కు తగ్గించినా నిలిచింది. దీర్ఘకాల సహనం మాత్రం కొంత సడలింది. రోజులనూ నిమిషాలనూ అలాగే ఉంచి తీవ్రతను తగ్గించినప్పుడు మాత్రం సామర్థ్యం జారిపోయింది. సంపాదించడానికి పట్టిన శ్రమలో కొంత భాగంతోనే సంపాదించినదాన్ని కాపాడుకోవచ్చునని దీని సారాంశం. చలికాలపు గృహస్థునికి ఇంతకంటె శుభవార్త ఉండదు.

పతకంకంటె పెద్ద పందెం

మరుసటి పందెంలో అయిదు నిమిషాలు ఆలస్యమైతే ప్రపంచం మునిగిపోదు. కాని మన ప్రవాసులకు ఇందులో అంతకంటె పెద్ద పందెం ఒకటున్నది. దక్షిణాసియా సంతతివారిలో మధుమేహం, హృద్రోగం ఇతరులకంటె పిన్న వయసులోనే, తక్కువ బరువు దగ్గరే తలెత్తుతున్నాయి. పనిచేస్తున్న కండరం ఇన్సులిన్ సహాయం లేకుండానే రక్తంలోని గ్లూకోజును లోపలికి తీసుకోగలదు. పరుగు ముగిశాక కూడా ఇన్సులిన్‌కు కండరం చక్కగా స్పందిస్తుంది. అయితే ఈ మేలు ఒకటి రెండు రోజులు మాత్రమే నిలుస్తుంది. మూడో రోజు దాటితే దాదాపు మాయమవుతుంది. అందుకే మధుమేహం ఉన్నవారు వరుసగా రెండు రోజులకు మించి వ్యాయామానికి విరామం ఇవ్వరాదని వైద్యులు సూచిస్తారు. నవంబరులో పరిగెత్తిన 42 కిలోమీటర్లు ఫిబ్రవరి నాటి రక్తంలోని చక్కెరకు ఏ విధంగానూ ఉపకరించవు. ఇది బ్యాంకులో వేసుకునే డిపాజిట్టు కాదు, ఏ పూటకాపూట వండుకోవలసిన అన్నం.

మనస్సు అనే గుర్రం

శాస్త్రం ఇంత స్పష్టంగా ఉన్నా చీకటి వేళ లేచి బూట్లు కట్టుకోవడం కష్టమే. పందెం తేదీ ఉన్నన్నాళ్లు అది కొరడాలా పనిచేస్తుంది. తేదీ దాటాక కొరడా లేదు. అప్పుడు గుర్రాన్ని నడిపించేవి రెండు: ఆనందం, అలవాటు.

పరుగు తరువాతి హాయికి ఎండార్ఫిన్లే కారణమని చాలాకాలం అనుకున్నారు. ఎండార్ఫిన్లు పనిచేసే ద్వారాలను మందుతో మూసివేసినా ఆ హాయి తగ్గలేదని ఇటీవలి ప్రయోగాలు చూపాయి. ఇప్పుడు దృష్టి మరొక అణువు మీద ఉంది. 1992లో జెరూసలేంలోని రఫాయెల్ మెకూలం ప్రయోగశాలలో వెలుగు చూసిన ఆ అణువుకు పరిశోధకులు సంస్కృతంలోని ‘ఆనంద’ శబ్దాన్నే తీసుకుని ‘ఆనందమైడ్’ అని పేరు పెట్టారు. ఓ మోస్తరు వేగంతో అరగంట, ముప్పావుగంట పరిగెత్తినవారి రక్తంలో అది పెరుగుతుంది. పరుగు హాయినివ్వాలంటే ప్రాణం కడబట్టేంత వేగం అవసరం లేదు.

ఇక అలవాటు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం 2010లో ప్రచురించిన అధ్యయనంలో 96 మంది తలా ఒక చిన్న కొత్త అలవాటును ఎంచుకున్నారు. అది ఆలోచన లేకుండా జరిగిపోయే స్థితికి రావడానికి నడిమి లెక్కన 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల వరకు తేడా ఉంది. ఒకరోజు తప్పినంత మాత్రాన అలవాటుకు చెప్పుకోదగిన నష్టం కలగలేదన్నది మరింత విలువైన సంగతి. ‘నిన్న మానేశాను, ఇక ఎందుకు’ అనుకోవడమే అసలు శత్రువు. జర్మన్ మనోవైజ్ఞానికుడు పీటర్ గోల్విట్జర్ పరిశోధనలు మరో ఉపాయం చెబుతాయి. ‘ఈ వారం పరిగెత్తాలి’ అనుకునేవారికంటె, ‘మంగళవారం ఆరు గంటలకు, కాఫీ తాగగానే, గుమ్మం దాటి పార్కు వైపు’ అని చోటూ వేళా నిర్ణయించుకున్నవారే ఆ పని ఎక్కువగా చేస్తారు.

విరామ కాలపు ప్రణాళిక

పైన చెప్పినవన్నీ కలిపితే ఒక నిరాడంబరమైన ప్రణాళిక ఏర్పడుతుంది. పందెం ముగిసిన మొదటి రెండు వారాలు నడక, నిద్ర, మంచి భోజనం. ఇది సోమరితనం కాదు. కండర తంతువులలో ఏర్పడిన సూక్ష్మమైన చీలికలు మానే కాలం. తరువాత వారానికి మూడు రోజులు, రోజుకు అరగంట నుంచి నలభై నిమిషాలు. రెండు రోజులు, పక్కవారితో తెలుగులో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగినంత నిదానంగా. ఒకరోజు మాత్రం మధ్యలో నాలుగైదు సార్లు, రెండేసి నిమిషాలు గట్టిగా. హిక్సన్ చెప్పిన తీవ్రతను కాపాడేది ఇదే. ఆదివారం వీలున్నప్పుడు ఒక గంట దీర్ఘపు పరుగు. మిగిలిన రోజుల్లో నడక, కాళ్లకూ నడుముకూ బలమిచ్చే కసరత్తు.

మంచు గడ్డకట్టిన దారిమీద పంతం పనికిరాదు. ఆ రోజు ట్రెడ్‌మిల్ చాలు. చీకట్లో పరిగెత్తేవారు మోటారు దీపాలకు మెరిసే దుస్తులు ధరించాలి. ఛాతీలో బిగువు, అకారణమైన ఆయాసం కనిపిస్తే పరుగు ఆపి వైద్యుణ్ణి కలవాలి.

ఏప్రిల్‌లో ఒక్కసారిగా పాత దూరాలకు దూకేవారికి ఒక హెచ్చరిక. రక్తం, కండరం కొద్ది వారాల్లోనే తిరిగి పుంజుకుంటాయి. ఎముక, స్నాయువు అంత తొందరపడవు. ఎముక తనను తాను కూల్చుకుని తిరిగి కట్టుకోవడానికి నెలలు పడుతుంది. గుండె ‘పద’ అంటున్నా పిక్కటెముక ‘ఆగు’ అనేది అందుకే. శీతకాలమంతా కొద్దికొద్దిగా పరిగెత్తినవానికి ఈ పేచీ ఉండదు.

కండరం పనిచేసినప్పుడు విడిపోయిన బంధం విశ్రాంతిలో తిరిగి ఏర్పడుతుందని సుబ్బారావు దాదాపు నూరేళ్ల క్రితం బోస్టన్‌లో చూశారు. పందేలకూ అదే న్యాయం. శక్తి ఖర్చయ్యేది పందెం నాడు, అది సమకూరేది నడుమనున్న నెలల్లో.

కనుక ఆ ఇల్లాలి ప్రశ్నకు సరైన సమాధానం వేరు. “లోపల పెట్టకు, గుమ్మం పక్కనే ఉండనీ. మంగళవారం పొద్దున్న ఆరింటికి కావాలి.”