బరువు తగ్గాలంటే.. తిండి తగ్గిస్తే చాలదు, నడిస్తేనే సరిపోదు!

బరువు తగ్గాలనుకునే వారిలో రెండు రకాల వాళ్లు ఎక్కువగా కనిపిస్తుంటారు. కొందరు రాత్రి భోజనం పూర్తిగా మానేసి, పొద్దున చాయ్, రెండు బిస్కెట్లతో సరిపెట్టుకుంటారు. ఇంకొందరు రోజూ వాకింగ్‌కు వెళ్తారు కానీ తిరిగొచ్చేటప్పుడు టిఫిన్ సెంటర్ దగ్గర ఆగుతారు. మొదటివాళ్లు గబగబా తగ్గి, కొన్నాళ్లకే మళ్లీ మొదటికి వస్తారు. రెండోవాళ్లకు ఎన్ని రోజులు నడిచినా తేడా కనిపించదు. ఇద్దరూ కష్టపడుతున్నా, చేస్తున్నది సగం పనే.

తిండి మాత్రమే తగ్గిస్తే..

శరీరానికి అవసరమైన దానికంటే తక్కువ క్యాలరీలు అందితే, అది నిల్వ ఉన్న కొవ్వును వాడుకుంటుంది. కానీ ఒక్క కొవ్వునే కాదు, కండను కూడా కరిగిస్తుంది. తిండి మరీ తగ్గించి, వ్యాయామం చేయకపోతే ఈ నష్టం ఇంకా ఎక్కువ. కండ తగ్గితే నీరసం వస్తుంది, శరీరం రోజూ ఖర్చు చేసే క్యాలరీలు కూడా తగ్గుతాయి. అందుకే డైటింగ్ ఆపి, పాత తిండికి వెళ్లగానే బరువు తిరిగి వచ్చేస్తుంది.

మొదటి వారంలో రెండు, మూడు కిలోలు తగ్గితే చాలామంది సంబరపడిపోతారు. అందులో ఎక్కువ భాగం నీరే. మరీ వేగంగా బరువు తగ్గితే పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే ప్రమాదం కూడా ఉంది.

నడక మాత్రమే నమ్ముకుంటే..

70 కిలోల బరువున్న వ్యక్తి 40 నిమిషాలు చురుగ్గా నడిస్తే సుమారు 200 క్యాలరీలు ఖర్చవుతాయి. ఒక పెద్ద సమోసా తింటే అవన్నీ తిరిగి వచ్చేస్తాయి. "ఈరోజు నడిచాం కదా" అని ఇంకో ప్లేట్ బిర్యానీ పెట్టించుకుంటే లెక్క పూర్తిగా తలకిందులవుతుంది. అలాగని నడక దండగ అనుకోవద్దు. బరువు తగ్గకపోయినా నడకతో గుండెకు మేలు జరుగుతుంది, బీపీ, షుగర్ అదుపులో ఉండటానికి తోడ్పడుతుంది.

రెండూ కలిపితే లెక్క ఇలా

ఒక కిలో కొవ్వు అంటే సుమారు 7,700 క్యాలరీలు. రోజుకు 500 క్యాలరీల లోటు ఉంటే వారానికి దాదాపు అర కిలో తగ్గొచ్చు. అందరికీ ఇది అచ్చంగా ఇలాగే జరగదు కానీ, లక్ష్యం పెట్టుకోవడానికి ఈ లెక్క పనికొస్తుంది. ఈ 500లో 200 నడకతో వస్తే, మిగతా 300 పళ్లెంలోంచి తగ్గించాలి. ఎలాగంటే..

* రోజుకు మూడు చాయ్‌లు తాగేవారు ఒక్కో కప్పులో ఒక చెంచా చక్కెర తగ్గిస్తే 60 క్యాలరీలు.
* వంటలో మీ వాటాకు వచ్చే నూనెలో రెండు టీస్పూన్లు తగ్గితే 90 క్యాలరీలు.
* రోజు మొత్తంలో ఒక కప్పు అన్నం తగ్గిస్తే 180కి పైగా.

పస్తులు ఉండకుండానే 300 దాటింది. అన్నం తగ్గించిన చోట కూరగాయలు, ఆకుకూరలు పెంచితే ఆకలి వేయదు. పళ్లెంలో సగం కూరగాయలు, పండ్లే ఉండాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సూచిస్తోంది.

కండ కాపాడుకోవాలి

ఇదే సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. 70 కిలోల వారికి ఇది దాదాపు 58 గ్రాములు. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు ఉంటుంది. కాబట్టి పప్పు, గుడ్డు, పెరుగు, చికెన్, చేపల్లో ఏదో ఒకటి ప్రతి పూటా ఉండేలా చూసుకోవాలి.

వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, దాంతో పాటు రెండు రోజులు కండరాలకు బలాన్నిచ్చే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. దీనికి జిమ్‌కే వెళ్లాలని లేదు. ఇంట్లోనే గుంజీలు తీయొచ్చు. గోడకు చేతులు ఆనించి పుష్-అప్స్ చేయొచ్చు. నీళ్ల బాటిళ్లను డంబెల్స్‌లా ఎత్తినా మంచిదే.

వీళ్లు జాగ్రత్త!

షుగర్‌కు ఇన్సులిన్ లేదా కొన్ని రకాల మాత్రలు వాడేవారు ఒక్కసారిగా తిండి తగ్గించి, నడక పెంచితే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం దీని లక్షణాలు. మొదలుపెట్టే ముందే డాక్టర్‌ను అడిగి మందుల డోసు సరిచూసుకోవాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, గుండె, కిడ్నీ జబ్బులున్నవారు కూడా డాక్టర్ సలహా లేకుండా ఇలాంటివి మొదలుపెట్టకూడదు.

రోజూ బరువు చూసుకుని దిగులుపడొద్దు. వారానికి ఒకసారి, ఒకే సమయానికి చూసుకుంటే చాలు. నడుము కొలత కూడా రాసిపెట్టుకోండి. మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్ల లోపు ఉండటం మంచిది. కొన్నిసార్లు కాటాలో తేడా లేకపోయినా నడుము తగ్గుతుంది. ఒకరోజు దావత్‌లో కాస్త ఎక్కువ తిన్నా ఫర్వాలేదు. మర్నాడు పస్తుండి శిక్ష వేసుకోకుండా, మళ్లీ మామూలు తిండి, మామూలు నడకకు వచ్చేస్తే సరిపోతుంది.